కొంగున కట్టుకున్న నిద్ర

తిరుమలను మనం వాకిట్లో, అత్తగారి మంచం పక్కన వదిలి వచ్చాం. నులక మంచం మీద గట్టమ్మ వెల్లకిలా పడి ఉంది. పక్కన పెట్టిన జొన్నరొట్టె ఎండకు బిగుసుకుపోయింది. ఎంత పిలిచినా, భుజం పట్టి కుదిపినా ఆమె కళ్లు తెరవడం లేదు.

కొత్తగా ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు. తిరుమల స్టేషన్ ఘన్‌పూర్‌లో బట్టలు కుట్టుకుంటుంది. ఆమె తండ్రి మొన్నటి ఎండాకాలంలో కూతురు చూస్తుండగానే ఛాతీ పట్టుకుని కూలిపోయాడు. ఆనాటి నుంచి తన గుండె కూడా అలాగే ఆగిపోతుందన్న భయం ఆమెను పట్టుకుంది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి చెమటలు, ఊపిరాడకపోవడం, ఇక చచ్చిపోతున్నానన్న గాబరా. డాక్టర్ శారద అన్ని పరీక్షలూ చేయించి, గుండెకు ఏమీ కాలేదని, ఇది భయం తెచ్చిన జబ్బని చెప్పింది. రోజూ మింగే మందు ఒకటి రాసింది. ఆ మందు పని అందుకునేదాకా పడుకునేముందు సగం ముక్క వేసుకొమ్మని చిన్న గోలీ ఇంకొకటి రాసింది.

ఆ చిన్న గోలీలే ఇంట్లో నిప్పు రాజేశాయి. నెల నిండకముందే డబ్బా ఖాళీ అయిపోతోంది. ఆర్టీసీలో కండక్టరైన ఆమె భర్త రవి, ప్రత్యేక రాష్ట్రం కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయి ఇంటిపట్టునే ఉంటున్నవాడు, ఆ ఖాళీ డబ్బాను చూశాడు. "గోలీలకు మరిగినవ్ తిర్మలా" అన్నాడు. సగం ముక్క కంటే ఎక్కువ మింగలేదని ఆమె ఒట్టు పెట్టుకుంది. అతను నమ్మలేదు. నమ్మకపోగా అదే మాట చుట్టాలతో ఫోన్లో కూడా అన్నాడు. చివరికి తిరుమలకే తన మీద అనుమానం మొదలైంది. నిద్రమత్తులో లేచి తానే మింగి మరిచిపోతోందా?

ఇదీ సంగతి. ఇక మంచం దగ్గరికి వద్దాం.

తిరుమల వంగి అత్తగారి ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. ఊపిరి ఆడుతోంది. కాని ఎంత నెమ్మదిగా! ఒకసారి వచ్చి, మళ్లీ వస్తుందా రాదా అన్నట్టు ఆగి, అప్పుడు వస్తోంది.

"ఏం కాలే, కల్లు ఎక్కువైంది" అన్నాడు రవి గుమ్మంలో నిలబడి. "పొద్దుగూకేవరకు ఆమెనే లేస్తది."

"రోజూ తాగే కల్లే గదా. ఎన్నడన్న గిట్ల పండుకున్నదా? సోమనర్సయ్య అన్నను పిలువు. దవాఖానకు కొంటవోదాం."

ఆమె గొంతులో ఏం వినిపించిందో, రవి చెప్పులు వేసుకున్నాడు.

సోమనర్సయ్య ఆటో కూడా సమ్మెలోనే ఉంది. ముసలమ్మకు బాగలేదనగానే అతను ఆటోకు కట్టిన జెండా తీయకుండానే బండి తీశాడు. రోడ్డెక్కేసరికి దారి లేదు. ఆ రోజు సమ్మెవాళ్ల వంటావార్పు. పెద్దరోడ్డు మీద అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద కుతకుత ఉడుకుతున్న అన్నం గుండిగలు, చుట్టూ మాస్టర్లు, గుమాస్తాలు, వకీళ్లు, కూలీ ఆడవాళ్లు. మైకులో ఎవరో పాట అందుకుంటున్నారు. సోమనర్సయ్య తల బయటపెట్టి "అవ్వకు బాగలేదు, జర తొవ్వియ్యుండ్రి" అని అరిచాడు. పాట ఆగింది. ఇద్దరు మగవాళ్లు గుడ్డలు మడిచి గుండిగ చెవులు పట్టుకుని లేపారు. ఒకామె చేతిలోని గరిటెతోనే మండుతున్న కట్టెలను పక్కకు తోసింది. ఆటో ఆ వేడి బూడిద మీదుగా వెళ్లింది. వెనక మళ్లీ పొయ్యి రాజేస్తున్న చప్పుడు, మళ్లీ పాట.

ఆటోలో అత్తగారి తల తిరుమల ఒడిలో ఉంది. తన గుండె దడదడలాడడం ఆమెకు తెలుస్తూనే ఉంది. వేరే రోజైతే ఆ దడకే ఆమె హడలిపోయేది. ఇవాళ దాన్ని పట్టించుకునే తీరిక లేకపోయింది.

డాక్టర్ శారద ఆసుపత్రి స్టేషన్ రోడ్డులో ఉంది. కింద మందుల దుకాణం, పైన నాలుగు మంచాలు. శారదది జనగామ. నడివయసు మనిషి, తొందరపడి మాట్లాడదు. గట్టమ్మ కనురెప్పలు ఎత్తి చూసింది. నాడి పట్టింది. ఛాతీ మీద గొట్టం పెట్టి వింటూ అడిగింది.

"ఏం మింగింది?"

"కల్లు మేడమ్, ఇంకేం లేదు" అన్నాడు రవి.

"గోలీలు ఏమన్న?"

"మా అవ్వకు గోలీలంటేనే పడదు. జరం వచ్చినా మింగది."

ఆటోలో వస్తున్నప్పుడే తిరుమల మనసులో ఒక ముడి విడిపోయింది. నిద్రలో లేచి మింగింది తాను కాదు. అయితే ఆ మాట ఇక్కడ, మొగుడి ముందర అనడమంటే అత్తను దొంగ అనడమే. అబద్ధమైతే ఆ ఇంట్లో మళ్లీ ఏ ముఖంతో తిరగాలి? తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి మంచాన పడ్డ ముసలిదాని మీద తోసిందంటారు. కాని డాక్టరమ్మ కళ్లు ఇంకా జవాబు కోసం చూస్తున్నాయి. గట్టమ్మ ఊపిరి మళ్లీ ఒకసారి ఆగినట్టే ఆగి వచ్చింది.

"మేడమ్," అంది తిరుమల. "మీరు నాకు రాసిన చిన్న గోలీలు ఇంట్ల తక్కువైతున్నయి. నేను సగం ముక్క కంటె ఎక్కువ మింగుతలేను."

"ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు?" రవి గిరుక్కున తిరిగాడు.

"నువ్వాగు రవీ" అంది శారద. "మార్తమ్మా, కొంగు చూడు."

నర్సు మార్తమ్మ గట్టమ్మ చీర కొంగు అందుకుంది. చివర గట్టిగా వేసిన ముడి ఉంది. పంటితో పట్టి లాగితే గాని అది రాలేదు. వక్కపలుకులు, సున్నం డబ్బీ, వాటి నడుమ మెరిసే కాగితంలో మిగిలిన గోలీలు. తిరుమలకు రాసిన ఆల్ప్రజోలమే.

రవి వాటి వైపు చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. మూతి మీద ఆక్సిజన్ పెట్టారు, చేతికి సెలైన్ ఎక్కించారు. మార్తమ్మ పక్కనే స్టూలు వేసుకుని ఊపిరి గమనిస్తూ కూర్చుంది. "చెప్పి మంచిపని చేసినవ్" అంది శారద బయటికి వచ్చి. "కల్లు ఒకటే అనుకుంటే పండుకోనియ్యుండ్రి అని పంపిద్దును. కల్లు, ఈ గోలీ రెండూ కలిస్తే మత్తే కాదు, ఊపిరి గూడ మందగిస్తది. తగ్గకపోతే వరంగల్ తోలుదాం. ఇప్పటికైతే చూస్తున్నం."

బయట బల్ల మీద భార్యాభర్తలిద్దరూ కూర్చున్నారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా. కింద రోడ్డు మీద నినాదాలు దూరమై, దగ్గరై, మళ్లీ దూరమయ్యాయి. రవి నోరు విప్పాడు.

"బస్సుల ఎవలు టికెట్ కొనకుండ కూసున్నరో మొఖం చూసి చెప్పేటోన్ని. నీ మొఖం రోజూ చూసుకుంట గూడ..."

"నువ్వు మొఖం చూడలే. డబ్బా చూసినవ్" అంది తిరుమల.

అతను తల దించుకున్నాడు. ఆమె ఓదార్చలేదు. కోపం వస్తుందనుకుంది గాని కోపం కంటే ముందు ఒక పెద్ద అలసట వచ్చింది. ఇన్నాళ్లూ తన మతి మీద తానే కాపలా కాసుకున్న అలసట. కాసేపటికి అతను లేచి, అమ్మకు మార్చుకోను చీర తెస్తానని చెప్పి, ఇంటికి నడిచి వెళ్లాడు.

పొద్దు వాలుతుండగా గట్టమ్మ కళ్లు తెరిచింది. మొదట పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూసింది. తర్వాత కోడలి వంక. చెయ్యి తనంతట తానే కొంగు కోసం తడుముకుంది. ముడి లేదు.

"దొరికిందా బిడ్డా?" అంది. నాలుక ఇంకా మొద్దుగానే ఉంది.

"దొరికింది అత్తమ్మా."

గట్టమ్మ కళ్లు మూసుకుంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు చెవుల వైపు జారాయి.

"నీ గోలీలు నేనే తీసిన. చిన్నోడు చందు ఇల్లు విడిసిపోయిన కాడికెళ్లి నాకు కన్ను మూతవడలే. రైలు రోకోల కేసు పెట్టిండ్రట, ఎక్కడున్నడో, ఎవలు కొడుతున్నరో. గుండెల ఎవలో దంచినట్టే ఉండె. నువ్వేమో సగం ముక్క ఏసుకొని సల్లగ పండుకుంటుంటివి. గంత మంచి మందు నేనొకటి తింటే ఏమైతది అనుకున్న."

"నన్నడిగితే నేనే నిన్ను డాక్టరమ్మ తానకు తోలుకొస్తుంటి గదా!"

"ముసల్దానికి భయమేందంటరని సిగ్గాయె."

తిరుమల లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. తిరిగి వచ్చింది. ఆమె గొంతు పెరగలేదు గాని చేతులు చీర అంచును నలుపుతూనే ఉన్నాయి.

"నీ కొడుకు నన్ను దొంగను చూసినట్టు చూసిండు అత్తమ్మా. నువ్వు పక్క అర్రల కూసొని విన్నవ్. నా అన్నతోని ఫోన్ల 'నీ చెల్లె మత్తుకు మరిగింది' అంటుంటే గూడ విన్నవ్. గప్పుడన్న ఒక్క మాట చెప్పకపోతివి. నాకు పిచ్చి లేస్తుందనుకున్న. తెలుసా?"

"తెలుసు బిడ్డా" అంది గట్టమ్మ. అంతకు మించి ఏ సాకూ చెప్పలేదు. ఆ ఒక్క మాటా తిన్నగా ఒప్పుకున్నందుకో ఏమో, తిరుమల మళ్లీ వచ్చి స్టూలు మీద కూర్చుంది. అత్తగారి పెదవులు ఎండిపోయి ఉంటే దూదితో తడి అద్దింది.

తలుపు దగ్గర ఆ మాటలన్నీ విన్న శారద లోపలికి వచ్చి, నాడి చూసి, మంచం అంచున కూర్చుంది.

"గట్టమ్మా, నీ కోడలి గోలీ చెడ్డదని నేననను. నేనే రాసిన. పాణం పోతున్నట్టు భయమైనప్పుడు అది ఆసరా ఇస్తది. కాని ఎవలికి రాస్తే వాళ్లే మింగాలె. ఎంత రాస్తే అంతే మింగాలె. ఆమె వయసుకు సగం ముక్క సరిపోయిందని నీ వయసుకు నిండు గోలీ ఎట్ల సరిపోతది? ముసలోళ్లకు దాని మత్తు తొందరగ దిగది. లేసి నడుస్తుంటే తూలిపడి తుంటి ఇరుగుతది. ఇగ కల్లుతోనంటవా, ఇయ్యాల చూసినవ్ గదా."

"ఇగ ముట్ట తల్లీ. ఈ పొద్దు నుంచి బంద్."

"అదిగో, గదే వద్దంటున్న" అంది శారద నవ్వి. "ఒక్కసారి బంద్ పెడితే ఇంకో పరేషాన్. నెలల తరబడి మింగిన పాణం దానికి అలవాటు పడి ఉంటది. మత్తు పూర్తిగ దిగినంక ఎంత ఇయ్యాల్నో నేను చెప్త. మెల్లమెల్లగ తగ్గించుకుంట వద్దాం. కల్లు మాత్రం ఇయ్యాల్టి నుంచే లేదు. నీ భయానికి మందు వేరే చూద్దాం."

తర్వాత తిరుమల వైపు తిరిగింది.

"నీ సంగతి గూడ చెప్త. నెలాఖరుల గోలీలు ఒడిసిపోయి, ఏసుకోకుంటనే పండుకుంటున్నవ్ గదా? గప్పుడే దడ, వణుకు ఎక్కువైతుండె?"

తిరుమల ఆలోచించింది. నిజమే. ప్రతి నెలా చివరి రోజుల్లోనే. అప్పుడే రవి ఆమె వణికే చేతులు చూసి 'మత్తు దొరకక' అన్నాడు.

"రోగం ముదిరింది అనుకున్న మేడమ్."

"రోగం తగ్గుతున్నది. మందు నడుమ నడుమ తెగుతున్నది, గంతే. నీకు పిచ్చీ లేదు, యావా లేదు. కాని నా తప్పు గూడ ఉన్నది. ఆ గోలీ కొన్నాళ్లకే అని రాసి, సమ్మెల పడి నువ్వు రాకుంటే నేను కబురు పెట్టలే. రోజూ మింగే మందు ఇప్పుడు పనిచేస్తున్నది కాబట్టి నీ సగం ముక్కను గూడ తగ్గించుకుంట పోదాం. అప్పటిదాక పెట్టెల పెట్టి తాళమెయ్యి."

తిరుమల తల ఊపింది. ఏడుపు రాలేదు. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి తన ఛాతీలోకి గాలి అడ్డం లేకుండా దిగినట్టనిపించింది.

"సరే గట్టమ్మా, రోజుకెన్ని మింగుతుంటివి?" అడిగింది శారద.

"ఒక్కటే బిడ్డా. ఇయ్యాల పానం ఆగక రెండేసిన."

తిరుమల కనుబొమలు ముడిపడ్డాయి. రోజుకొకటి తీస్తే అట్టలో గోలీలు తగ్గాలి గాని అట్టలు పోకూడదు. అట్టలకు అట్టలే మాయమయ్యాయి.

"అత్తమ్మా, మిగిలినయి ఏడవాయె?"

గట్టమ్మ తలుపు వైపు చూసింది. రవి ఇంకా రాలేదు. గొంతు తగ్గించి అంది.

"చందుగానికిచ్చిన."

"చందు ఇంటికొచ్చిండా?"

"మీరు లేనప్పుడు వచ్చేటోడు. వాడు గోదారి ఒడ్డుకు, మహదేవపూర్ల ఉన్నడు బిడ్డా, దోస్తు సేవ్యా తాన. నిద్ర వట్టదన్నడు. కన్ను మూస్తే లాఠీలే కనవడుతున్నయన్నడు. నాకు మంచిగ చేసిందని వానికిచ్చిన. మొన్న బతుకమ్మ గుంపుల కలిసి వచ్చినప్పుడు ఇచ్చినవే ఆఖరు. ఆడ గూడ ఏదో దుకాన్ల కొనుక్కుంటున్న అన్నడు. ఒక్కటి తింటే చాల్తలేదట, మూడు నాలుగు తింటున్నడట."

శారద లేచి నిలబడింది. ఆమె తొందరపడే మనిషి కాదని చెప్పాను కదా. ఇప్పుడు మాత్రం మాట గబగబా వచ్చింది.

"ఫోన్ నంబర్ ఉన్నదా?"

సేవ్యా నంబరు గట్టమ్మకు నోటికి వచ్చు. రవికి తెలియకుండా ఎన్నిసార్లు ఇరుగుపొరుగు ఫోన్ల నుంచి చేసిందో. తిరుమల నొక్కింది. చాలాసేపు మోగింది. ఎత్తింది చందూయే.

"వదినా? నువ్వేనా?" ఆ పిలుపులో సంతోషం ఉంది. మాట మాత్రం పళ్లు టకటకలాడుతున్నట్టు ముక్కలై వస్తోంది.

"నేనే చందూ. అత్తమ్మ అంతా చెప్పింది. నువ్వు ఆ గోలీలు..."

"బంద్ పెట్టిన వదినా! మొన్నటి సంది ఒక్కటి ముట్టలే. అన్న అందరికీ చెప్తున్నడట గదా, నువ్వు మరిగినవని. నేను గట్ల కావద్దనుకున్న. మిగిలినయి గూడ పారేసిన. చేతులు జర వణుకుతున్నయి, గంతే. ఒళ్లంత చెమట. నిద్ర వస్తలేదు. తగ్గుతది."

తిరుమల శారద ముఖం చూసింది. శారద అడ్డంగా తల ఊపుతోంది.

"చందూ, నా మాట విను. నేను మరగలే. అది అబద్ధం. నువ్వు గూడ గిట్ల ఒక్కసారి ఆపొద్దు. మహదేవపూర్ల దవాఖాన ఉన్నది గదా, గిప్పుడే పో. ఏం మింగినవో, ఎన్ని మింగినవో, ఎప్పుడు ఆపినవో అంతా డాక్టరుకు దాచకుండ చెప్పు."

"దవాఖానల పేరు చెప్పాలె వదినా. పేరు చెప్తే పోలీసులు వస్తరు. గందుకే అవుతలి ఒడ్డుకు పోతున్నం, ఆడ వేరే రాష్ట్రం." ఫోన్లో చందు గొంతు వెనకాల ఏదో చప్పుడు. తెడ్డు నీళ్లను తోస్తున్న చప్పుడు. "సేవ్యా పడవ నడుపుతున్నడు. జర సేపట్ల..."

మాట సగంలో ఆగింది. ఫోన్ చెక్క మీద పడ్డట్టు ఠక్కుమంది. తిరుమల పిలిచింది. గట్టిగా పిలిచింది. గట్టమ్మ మంచం మీద లేచి కూర్చోబోయింది. మార్తమ్మ ఆమె భుజాలు పట్టుకుంది.

ఈసారి వచ్చింది సేవ్యా గొంతు.

"అక్కా! చందు కండ్లు తేలేసిండు. కాళ్లు చేతులు కొట్టుకుంటున్నయి. ఏం చెయ్యాలె?"

శారద ఫోన్ అందుకుంది. "గట్టిగ పట్టుకోకు బాబూ. నోట్ల ఏమీ పెట్టకు. మెల్లగ ఒక పక్కకు తిప్పి పండవెట్టు."

అవతల నీళ్ల చప్పుడు. ఎగపోస్తున్న ఊపిరి. తర్వాత సేవ్యా అన్న మాట గదిలో అందరికీ వినిపించింది.

"ఎట్ల తిప్పాలె మేడమ్? గోదారి నడుమ ఉన్నం. ఏ పక్కకు తిప్పినా పడవ ఒరుగుతున్నది."